ఫిట్స్ మాత్రలు జాగ్రత్తగా వాడటం ఎలా: ఒడిశా సరిహద్దు ఇళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

మా తమ్ముడు ఒకరోజు సాయంత్రం పర్లాకిమిడి బజారు నుంచి తూలుతూ ఇంటికొచ్చాడు. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏంట్రా, జీలుగు కల్లు ఎక్కువైందా?" అన్నాడు. వాడు చుక్క ముట్టడు. మాట ముద్దగా వస్తోంది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చెయ్యి పక్కకు పోతోంది. "అక్కా, నువ్వు ఇద్దరిలా కనిపిస్తున్నావు" అన్నాడు. అమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు వెతుకుతోంది. నేను వాడి మందుల డబ్బా మంచం మీద బోర్లించాను.

రెండు మందులు బయటపడ్డాయి. ఒకటి బరంపురంలో రాసిన ఎప్టాయిన్. రెండోది పదిహేను రోజుల కిందట ఆంధ్రా వైపు ఒక ఆసుపత్రిలో రాసిన డైలాంటిన్. ఒకటి మాత్ర, ఒకటి క్యాప్సూల్. పేరు వేరు, రంగు వేరు. కానీ రెండింటి మీదా సన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు ఒక్కటే: ఫెనిటాయిన్. పదిహేను రోజులుగా వాడు ఒకే మందును రెండింతలు మింగుతున్నాడు. తప్పు ఆ డాక్టరుది అని నేననను. పాత చీటీ ఇంట్లో వదిలేసి వెళ్ళింది మేమే. "బరంపురం కాగితాలు అక్కడ ఎవరు చూస్తార్లే" అనుకున్నాం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు ఉండే తెలుగువాళ్ళకి ఈ గొడవ కొత్త కాదు. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా, చీటీ ఇంగ్లీషులో. ఒక డాక్టరు బరంపురంలో, ఇంకొకరు శ్రీకాకుళంలో, మరీ ముదిరితే వైజాగ్ కేజీహెచ్. ఫిట్స్ మందు సరిగ్గా వాడితే పది మందిలో ఏడుగురికి దాకా ఫిట్స్ అదుపులోకి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దగ్గర చాలాసార్లు మందు మంచిదే అయినా లెక్క తప్పుతుంది. ఒకసారి రెట్టింపు, ఇంకోసారి సున్నా. ఈ రాసేదంతా ఆ లెక్క తప్పకుండా చూసుకోవడం గురించే. మోతాదు ఎంతన్నది మాత్రం మీ డాక్టరు చెప్పాల్సిందే, ఇందులో వెతక్కండి.

మొదటి పని: ఒకే కాగితం

ఒక దళసరి కాగితం తీసుకోండి. రోగి పేరు, వయసు, బరువు రాయండి. కింద ఒక్కో మందుకు ఒక్కో వరస. ముందు అసలు మందు పేరు, తర్వాత కంపెనీ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూటకు ఎన్ని, ఏ తేదీ నుంచి, ఎవరు రాశారు.

అసలు మందు పేరు ముందు రాయమనడానికి కారణం మా తమ్ముడి కథే. బజారులో ఎక్కువగా తిరిగే పేర్లు ఇవి. ఎప్టాయిన్, డైలాంటిన్ అంటే ఫెనిటాయిన్. టెగ్రిటాల్, మజిటాల్ అంటే కార్బమజిపిన్. వాల్పారిన్, ఎన్‌కోరేట్ అంటే వాల్ప్రోయేట్. లెవిపిల్ అంటే లెవెటిరాసెటం. గార్డినాల్ అంటే ఫినోబార్బిటోన్. ఫ్రీజియం అంటే క్లోబజాం. కొత్త స్ట్రిప్ చేతికొచ్చినప్పుడల్లా పెద్ద అక్షరాలు వదిలేసి, వాటి కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. కళ్ళు సరిగా కనబడని పెద్దవాళ్ళయితే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చూపించండి.

అదే కాగితంలో ఇంకో మూడు విషయాలు ఉండాలి. ఇంతకు ముందు ఏ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా, లివర్ లేదా కిడ్నీ జబ్బు ఉందా, చివరిసారి ఫిట్ ఏ రోజు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. ఏ రాష్ట్రంలో ఏ డాక్టరు ముందు కూర్చున్నా, నోరు తెరిచే ముందు అది బల్ల మీద పెట్టండి. పంటి డాక్టరయినా సరే, కళ్ళ డాక్టరయినా సరే.

చీటీ చదవడం

1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 0-0-1 అంటే రాత్రి మాత్రమే. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు (కాల్చే బీడీతో దీనికి సంబంధం లేదు, మా మావయ్య ఒకాయన నిజంగానే కంగారు పడ్డాడు), టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకోబోయే ముందు.

ప్రభుత్వ ఆసుపత్రి నిరామయ కౌంటరులో మందులు ఉచితంగా ఇస్తారు. వెనక జనం తోసుకుంటూ ఉంటారు కాబట్టి ఒడియాలో గబగబా చెప్పి పంపేస్తారు. "దినకు దుయి థర" అంటే రోజుకు రెండుసార్లు. "సకాళే" పొద్దున, "రాతిరే" రాత్రి. "అధా" అంటే సగం మాత్ర. "ఖాఇబా ఆగరు" తినక ముందు, "ఖాఇలా పరే" తిన్న తర్వాత. అర్థం కాకపోతే తల ఊపేసి రావద్దు. "ఇది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతేనా?" అని మీ మాటల్లో తిరిగి చెప్పి, అవును అనిపించుకుని కదలండి. అక్కడ తెలుగు అర్థమయ్యేవాళ్ళు ఒకరైనా ఉంటారు.

కౌంటరులో ఒక్కో నెల ఒక్కో కంపెనీ సరుకు వస్తుంది. మా నాయనమ్మ లెక్క "పచ్చది పొద్దున, గులాబీది రాత్రి". కంపెనీ మారితే ఆ లెక్క తలకిందులవుతుంది. రంగుతో గుర్తు పెట్టుకునే అలవాటు మాన్పించండి. ఫెనిటాయిన్, కార్బమజిపిన్ లాంటి మందులకయితే వీలున్నంత వరకు ఒకే కంపెనీది వాడటం మంచిది. కంపెనీ మారక తప్పకపోతే ఆ తేదీ కాగితంలో రాసి, రెండు మూడు వారాలు మనిషిని కాస్త గమనించండి.

పేరు చివర సీఆర్, ఈఆర్, క్రోనో లాంటి తోక ఉంటే ఆ మాత్ర కడుపులో నెమ్మదిగా కరిగేది. దాన్ని నమలకూడదు, దంచి పొడి చెయ్యకూడదు. అదే మందు తోక లేనిది షాపువాడు ఇస్తే "రెండూ ఒకటేనండీ" అన్నా తీసుకోవద్దు. మింగలేని పిల్లలకు, ముసలివాళ్ళకు సిరప్ ఉందా అని డాక్టరునే అడగండి.

సిరప్ గురించి రెండు మాటలు. వంటింటి చెంచాతో పొయ్యకండి. సీసాతో వచ్చే కొలత మూతతో గానీ, సూది లేని సిరంజితో గానీ పొయ్యండి. ఫెనిటాయిన్ సిరప్‌లో మందు అడుగుకు దిగిపోతుంది. ఊపకుండా పోస్తే నెల మొదట్లో నీళ్ళు, నెలాఖరులో చిక్కటి మందు తాగించినట్టు అవుతుంది. పిల్లాడి బరువు పెరిగితే మోతాదు మారాలి, కాబట్టి వెళ్ళిన ప్రతిసారీ బరువు తూయించండి.

వేళ

ఫిట్స్ మందు పని చేసేది రక్తంలో దాని మట్టం నిలకడగా ఉన్నప్పుడే. రోజుకు రెండుసార్లంటే సుమారు పన్నెండు గంటల ఎడం. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. మనవాళ్ళు "టిఫిన్ తిన్నాక, అన్నం తిన్నాక" అని పెట్టుకుంటారు. టిఫిన్ పదకొండింటికి, అన్నం ఏడింటికి అయిన రోజున లెక్క పోయినట్టే. ఫోనులో అలారం పెట్టుకోండి. ఏడు రోజుల గళ్ళ డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. దొరక్కపోతే అగ్గిపెట్టెలు అతికించి చేసుకున్న ఇల్లు కూడా చూశాను. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే వేసుకోనట్టు. "వేసుకున్నానా లేదా" అనే టెన్షన్ ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. వాల్ప్రోయేట్ మాత్రలు గాలిలోని తేమ పీల్చుకుని మెత్తబడతాయి. వానాకాలం మన కొండల దగ్గర గోడలే చెమరుస్తాయి, మాత్ర ఎంత. వాటిని రేకు చింపకుండా, రేకుతో సహా కత్తిరించి గడిలో వెయ్యండి. ఏ మందయినా పొయ్యి పక్కన, కిటికీ ఎండలో, పిల్లలకు అందేచోట పెట్టకండి.

మరిచిపోతే

గుర్తుకొచ్చిన వెంటనే వేసుకోవాలి. కానీ తర్వాతి డోసు దగ్గరపడితే పోయినదాన్ని వదిలేసి, తర్వాతిది మామూలుగా వేసుకోవాలి. రోజుకు రెండుసార్లు వాడేవాళ్ళకి పొద్దున ఎనిమిదిది మధ్యాహ్నం రెండు లోపల గుర్తొస్తే వేసుకోవచ్చన్నది మామూలుగా చెప్పే లెక్క. మీ మందుకు ఆ గీత ఎక్కడో ముందే డాక్టరును అడిగి కాగితంలో రాయించుకోండి. పోయినదానికి, ఉన్నదానికి కలిపి ఒకేసారి రెండు మాత్రలు మింగడం మాత్రం వద్దు.

లామోట్రిజిన్ అనే మందు వాడేవాళ్ళకి ఇంకో నియమం. అది వరసగా నాలుగైదు రోజులు తప్పితే, పాత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టకూడదు. ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు వచ్చే అవకాశం ఉంది. డాక్టరు చెప్పినట్టు చిన్న మోతాదు నుంచి మెట్లు ఎక్కాలి.

మింగిన కాసేపటికే వాంతి అయి అందులో మాత్ర కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేసి, మళ్ళీ వెయ్యాలో వద్దో అడగండి. వాంతులు విరేచనాలు ఒకరోజు దాటితే ఆసుపత్రికే వెళ్ళాలి, మందు ఒంట్లో నిలవడం లేదన్నమాట.

అయిపోకముందే తెచ్చుకోవడం

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్రాల సరిహద్దులే మూసేశారు. పాతపట్నం మనకి ఎంత దూరం? మామూలు రోజుల్లో కూరగాయలకు వెళ్ళొచ్చేంత. ఆ రోజుల్లో అదే పరాయి దేశం అయిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో నియమం: డబ్బాలో ఎప్పుడూ రెండు వారాల మందు అదనంగా ఉండాలి. కొత్తది వెనక, పాతది ముందు, గడువు తేదీ చూసి. ఆ అదనం కాక ఇంకో పది రోజులకు సరిపడా మందు ఉండగానే బజారుకు వెళ్ళాలి.

క్లోబజాం, ఫినోబార్బిటోన్ లాంటివి చీటీ లేకుండా షాపువాళ్ళు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. చీటీ పాతబడితే ముందే కొత్తది రాయించుకోండి. అంత దూరం వెళ్ళలేకపోతే ఈ-సంజీవని ద్వారా ఫోనులో ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడొచ్చు.

పనికి సూరత్, చెన్నై, హైదరాబాద్ వెళ్ళే కుర్రాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మందు పెద్ద బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండే చిన్న సంచిలో పెట్టుకోవాలి. రైల్లో పెద్ద బ్యాగు పోతే బట్టలు పోతాయి, చిన్న సంచి పోతే నిద్ర పోతుంది. రెండిట్లోనూ సగం సగం పెట్టుకుంటే మరీ మంచిది. రాత్రి షిఫ్టు చేస్తే మందు వేళలు ఎలా మార్చాలో బయల్దేరక ముందే డాక్టరును అడగాలి.

వేరే మందులతో వచ్చే గొడవలు

ఒళ్ళునొప్పులకీ, జలుబుకీ మనం ముందు వెళ్ళేది వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికే. ఆయన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ ఫిట్స్ ఉన్నాయని ఆయనకు చెప్పాలి. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, విరేచనాలకీ మూత్రం మంటకీ ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ కొందరిలో ఫిట్స్ రేపుతాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కార్బమజిపిన్ మట్టం పెంచేస్తాయి. తామరకి ఇచ్చే ఫ్లూకొనజోల్ మాత్ర ఫెనిటాయిన్ మట్టం పెంచుతుంది. జ్వరానికి పారాసిటమాల్ మామూలు మోతాదులో పర్వాలేదు.

టీబీ మందులది పెద్ద కథ. ఐసోనియజిడ్ ఫెనిటాయిన్‌ని ఒంట్లో పేరుకునేలా చేస్తుంది, రిఫాంపిసిన్ చాలా ఫిట్స్ మందుల్ని పల్చబరుస్తుంది. రెండూ ఒకే కోర్సులో ఉంటాయి. టీబీ మందు మానకూడదు, ఫిట్స్ మందు మానకూడదు. రెండు వైపుల డాక్టర్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి, రక్తంలో మట్టం చూపించుకోవాలి. మలేరియా కూడా అంతే. మన కొండ జిల్లాల్లో జ్వరం అనగానే ఆశ కార్యకర్త రక్తం తీస్తుంది. అప్పుడే "ఫిట్స్ మందు వాడుతున్నాడమ్మా" అని చెప్పండి. మెఫ్లోక్విన్ వీళ్ళకి ఇవ్వకూడదు. క్లోరోక్విన్ ఇచ్చేముందు డాక్టరు ఆలోచిస్తారు. మలేరియాకు వైద్యం ఆపడం మాత్రం వద్దు, ఆ జ్వరమే మెదడుకెక్కి ఫిట్స్ తెప్పించగలదు.

గ్యాస్ మందు సిరప్ ఫెనిటాయిన్‌తో కలిపి తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. రెండు మూడు గంటల ఎడం ఇవ్వండి. వాల్ప్రోయేట్ వాడేవాళ్ళు తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకోకూడదు.

ఇంకొకటి మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. కర్పూరం, నీలగిరి తైలం. జలుబు చేసిన పిల్లలకు ముక్కు దగ్గర, ఛాతీ మీద దట్టంగా పట్టిస్తాం, కొందరు తమలపాకులో కర్పూరం పలుకు పెట్టి నమిలిస్తారు. ఇవి కడుపులోకి వెళ్తే ఫిట్స్ తెప్పిస్తాయి. ఎక్కువగా పీల్చినా, రాసినా ఫిట్ వచ్చిన కేసులు మన దేశపు డాక్టర్లే రాశారు. హారతి పళ్ళెంలో కర్పూరం ఉండనివ్వండి, పిల్లాడి ఛాతీ మీద వద్దు.

పసరు, పేరు లేని చూర్ణం, తాయెత్తు. తాయెత్తుతో నాకు తగువు లేదు, కట్టుకోండి, మాత్ర కూడా వేసుకోండి. చూర్ణంతోనే భయం. "మందులన్నీ ఆపి ఇది వాడు" అని ఇచ్చే కొన్ని పొడుల్లో ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్ లాంటివే కలిపి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. పొడి అయిపోయిన రోజు మందు ఒక్కసారిగా ఆగిపోయినట్టు.

ఒంట్లో మార్పులు: ఏది ఓపిక పట్టేది, ఏది పరుగెత్తేది

మొదటి రెండు వారాలు మగత, కొంచెం కళ్ళు తిరగడం చాలామందికి ఉంటాయి. నెమ్మదిగా తగ్గుతాయి. తగ్గకపోతే డాక్టరు వేళ మారుస్తారు.

పరుగెత్తాల్సినవి ఇవి. కార్బమజిపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, ఫినోబార్బిటోన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, వాటితో జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, చర్మం ఊడటం కనిపిస్తే ఆ రోజే, తర్వాతి మాత్ర వేళ కాకముందే ఆసుపత్రిలో ఉండాలి. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అని రెండు రోజులు చూస్తే ప్రాణం మీదకొస్తుంది. అక్కడ డాక్టరు ఆ మందు ఆపి, దాని చోట వెంటనే ఇంకోటి ఇస్తారు. కార్బమజిపిన్ విషయంలో ఈ ప్రమాదం ఆసియా వాళ్ళలో కొందరికి పుట్టుకతో వచ్చే ఒక జన్యువు వల్ల ఎక్కువ. దానికి రక్తపరీక్ష ఉంది.

వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి, ముఖ్యంగా చిన్నపిల్లలకి, ఆగని వాంతులు, కడుపునొప్పి, కళ్ళు పచ్చబడటం, లేపినా లేవనంత మగత వస్తే లివర్ గానీ క్లోమం గానీ దెబ్బతింటున్నట్టు అనుమానించాలి. ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు పడితే ప్లేట్‌లెట్లు చూపించాలి.

లెవెటిరాసెటం మంచి మందు, మిగతా మందులతో పెద్దగా పేచీ పెట్టదు. కానీ కొందరికి కోపం నెత్తికెక్కుతుంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల పళ్ళెం విసిరేస్తే పొగరనుకోకండి, ఎప్పటి నుంచి అన్నది మందు మొదలైన తేదీతో పోల్చి చూడండి. దిగులు, చచ్చిపోవాలన్న మాటలు వినబడితే అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఈ మాట ఫిట్స్ మందులన్నిటికీ వర్తిస్తుంది.

ఇక ఫెనిటాయిన్. దీని లెక్క తిన్నగా నడవదు. ఒక మోతాదు దాటాక లివర్ దాన్ని అరిగించలేదు, అందుకే రోజుకు 100 మిల్లీగ్రాములు పెంచినా రక్తంలో మట్టం రెట్టింపు కావొచ్చు. ఉండాల్సిన మట్టం మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు. దాటితే మా తమ్ముడిలా తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దకట్టడం, కళ్ళు అదరడం మొదలవుతాయి. వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాక రక్తం చూసి మందు ఎంత, ఎప్పటిదాకా ఆపాలో వాళ్ళే చెప్పారు. మేము ఇంట్లో మొత్తం ఆపేసి ఉంటే ఫిట్స్ వరసకట్టేవి. ఏళ్ళ తరబడి వాడితే చిగుళ్ళు ఉబ్బుతాయి, రెండు పూటలా పళ్ళు తోమాలి. ఎముకలు పల్చబడతాయి కాబట్టి విటమిన్ డి సంగతి అడగండి.

ఆడపిల్లల విషయం

దీని మీద కాస్త గట్టిగానే రాస్తాను. పెళ్ళిచూపులప్పుడు ఫిట్స్ సంగతి దాచేస్తారు. పెళ్ళయ్యాక ఆ పిల్ల అత్తారింట్లో మాత్రలు చీర మడతల్లో దాచుకుని, ఎవరూ చూడనప్పుడు మింగుతుంది. ఇంటినిండా జనం ఉన్న రోజున మింగలేదు. మూడో రోజు పెరట్లో పడిపోతుంది. అప్పుడు "మోసం చేశారు" అంటారు. హిందూ వివాహ చట్టంలో ఫిట్స్‌ని సాకుగా చూపే మాటను 1999లోనే తీసేశారు. చెప్పి చేసిన పెళ్ళిలో డబ్బా బల్ల మీద ఉంటుంది, మందు వేళకు పడుతుంది. వైద్యపరంగా కూడా అదే మంచిది.

వాల్ప్రోయేట్ గర్భంలో బిడ్డకు చాలా చెరుపు చేస్తుంది. తల్లి అది వాడుతుంటే పుట్టిన పది మంది పిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుకతో లోపం ఉంటుంది, వందలో 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లకు వాల్ప్రోయేట్ రాస్తుంటే "దీనికి బదులు ఇంకోటి పనికిరాదా డాక్టరుగారూ?" అని అడగండి. ఇప్పటికే వాడుతుంటే పెళ్ళి ముహూర్తం కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, మందు మార్చడానికి నెలలు పడుతుంది. ఫోలిక్ యాసిడ్ కూడా గర్భం రాకముందు నుంచే మొదలుపెడతారు.

నెల తప్పిందని తెలిశాక భయపడి మాత్రలు ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. పెద్ద ఫిట్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. మందు వేసుకుంటూనే ఆ వారంలోనే డాక్టరును కలవాలి. గర్భంలో లామోట్రిజిన్, లెవెటిరాసెటం మట్టాలు పడిపోతాయి, డాక్టరు మోతాదు పెంచొచ్చు. ప్రసవం అయ్యాక తిరిగి తగ్గించాలి, ఇది చాలామంది మరిచిపోతారు. చాలా మందులతో పాలు ఇవ్వొచ్చు.

ఫెనిటాయిన్, కార్బమజిపిన్, ఫినోబార్బిటోన్ వాడేవాళ్ళకి గర్భం రాకుండా వేసుకునే మాలా-డి లాంటి మాత్రలు నమ్మకంగా పనిచెయ్యవు. కాపర్-టీకి ఈ ఇబ్బంది లేదు.

పండగలు, ఉపవాసాలు, కల్లు

శివరాత్రి జాగారం ఫిట్స్ ఉన్నవాళ్ళు చెయ్యకూడదు. నిద్ర లేకపోవడం ఫిట్‌ని పిలిచినట్టే. రెండేళ్ళకోసారి బరంపురంలో ఠాకురాణి యాత్ర నెల్లాళ్ళ పాటు నడుస్తుంది, మన చుట్టాలు సగం మంది అక్కడే ఉంటారు. వెళ్ళండి, వేషాలు చూడండి, రాత్రి మాత్ర వేళకు వేసుకుని పన్నెండు లోపల పడుకోండి. కార్తీక సోమవారం ఉపవాసమైనా మాత్ర మింగే గుక్కెడు నీళ్ళకు శివుడు అడ్డు చెప్పడు, మా పురోహితుడి మాట ఇది.

జీలుగు కల్లు, ఇప్పసారా, బ్రాందీ ఏదైనా సరే మందుతో కలిస్తే మగత ఎక్కుతుంది, దిగేటప్పుడు ఫిట్ వస్తుంది. "ఇవాళ తాగాను కదా, మాత్ర వద్దులే" అని మానేసేవాళ్ళది రెండు తప్పులు.

బండి సంగతి. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో ఫిట్స్ ఉన్నాయా అన్న ప్రశ్న ఉంటుంది, నిజమే రాయాలి. మహేంద్రతనయ నదిలో ఒంటరి స్నానం, జీడిచెట్టు ఎక్కడం, కట్టెల పొయ్యి ముందు ఒక్కరే కూర్చోవడం కూడా మానుకోవాలి.

మందు వాడుతుండగానే ఫిట్ వస్తే

గడియారం చూడండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద తువ్వాలు పెట్టండి, మెడ దగ్గర బొత్తాలు వదులు చెయ్యండి. చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించొద్దు, కాళ్ళు చేతులు అదిమి పట్టొద్దు. నోట్లో చెంచా, నీళ్ళు, మాత్ర ఏదీ పెట్టొద్దు. తెలివిలేని మనిషి నోట్లో వేసిన మాత్ర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు ముందే ముక్కులో కొట్టే మిడజోలాం స్ప్రే రాసి ఉంటే, ఎన్ని నిమిషాలకు, ఎన్నిసార్లు అన్నది మీ కాగితంలో ఉండాలి, అలాగే కొట్టండి.

అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండో ఫిట్ వచ్చినా, గర్భిణి అయినా, నీళ్ళలో పడినా 108కి ఫోన్ చెయ్యండి. ఫోన్ ఎత్తగానే ఊరు, బ్లాకు లేదా మండలం, జిల్లా, ఒడిశానా ఆంధ్రానా చెప్పండి. మన సరిహద్దులో ఒకే పేరున్న ఊళ్ళు రెండు వైపులా ఉన్నాయి. చిన్న ఫిట్టే అయినా తేదీ, ఎన్ని నిమిషాలు, ఆ రోజు మందు పడిందా అన్నవి రాసుకోండి. వీడియో తీస్తే డాక్టరుకు పది మాటల కంటే ఎక్కువ పనికొస్తుంది.

తగ్గించడం, ఆపడం

ఫిట్స్ రాక ఆరు నెలలయితే చాలు, "తగ్గిపోయింది కదా, ఎన్నాళ్ళు ఈ మాత్రలు" అని ఇంట్లో ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఫిట్స్ రావట్లేదంటే మాత్ర పనిచేస్తోందని. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్ మీద ఫిట్ వచ్చే స్థితి రావొచ్చు, దానివల్ల మనుషులు పోయారు. కనీసం రెండేళ్ళు ఫిట్ లేకుండా గడిచాకే డాక్టరు ఆలోచిస్తారు. స్కాన్, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఫిట్స్ రకం చూసి కొందరికి సరే అంటారు, కొందరికి జీవితాంతం వాడమంటారు. తగ్గించడం నెలల మీద, కొంచెం కొంచెంగా సాగుతుంది. రెండు మందులుంటే ఒకదాని తర్వాత ఒకటి.

మా తమ్ముడికి మూడేళ్ళుగా ఫిట్ లేదు. పోయిన నెల నుంచి డాక్టరు మోతాదు తగ్గిస్తున్నారు. కాగితంలో పాత వరస కొట్టేసి కొత్తది రాశాను, పైన తేదీ వేశాను. తగ్గించే ఈ నెలల్లోనే ఫిట్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి రాత్రి మేలుకోవడం వద్దు, ఒంటరిగా దూరం వెళ్ళడం వద్దు అన్నారు. వాడి సైకిల్ తాళం ప్రస్తుతానికి అమ్మ కొంగు ముడిలో ఉంది.